నాలుగో వరుస కిటికీకి

మా అన్నయ్య ముప్పై రెండేళ్ళు విమానాల్ని సాగనంపాడు. ఆ ముప్పై రెండేళ్ళూ మా వదిన వాళ్ళక్కయ్య ఊరికి బస్సులోనే వెళ్ళింది. పద్దెనిమిది గంటల ప్రయాణం. దిగేసరికి కాళ్ళు వాచిపోయి చెప్పులు పట్టేవి కావు. ఇది విన్నవాళ్ళు ముందు నవ్వుతారు, ఆ తర్వాత మా అన్నయ్యని తిడతారు. తిట్టండి, ఆ పని నేను మీకన్నా ముందే, మీకన్నా బాగా చేశాను. కాకపోతే పూర్తిగా విని తిట్టండి.

అన్నయ్యది విమానాశ్రయంలో నేల మీద పని. విమానం వచ్చి ఆగే చోట రెండు చేతుల్లో రెండు రంగు కర్రలు పట్టుకుని నిలబడి పైలట్‌కి దారి చూపిస్తాడు. ఇంకా ముందుకు, కొంచెం ఎడమకి, చాలు. రెండు చేతులూ తలపైకెత్తి అడ్డంగా పెడితే ఆగమని. ఆగాక చక్రాలు కదలకుండా రబ్బరు దిమ్మలు పెడతారు, వాటిని చాక్స్ అంటారు. తర్వాత విమానం కడుపు తెరిచి సామాన్లు దించాలి, కొత్తవి ఎక్కించాలి, తలుపు మూయాలి, టగ్గు బండితో వెనక్కి నెట్టించాలి. చివరికి పైలట్ కళ్ళకి ఆనే చోట నిలబడి, ఇక వెళ్ళమని చెయ్యెత్తాలి. ఇదంతా నలభై నిమిషాల్లో. సెలవుల సీజన్ వస్తే అంత కూడా ఉండదు. ఒక విమానం తోక ఇంకా కనిపిస్తుండగానే ఇంకోటి ముక్కు చూపిస్తుంది.

ఇంజన్ల హోరులో అక్కడ మాట వినపడదు. చెవులకి మూతలు పెట్టుకుని అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. చాక్స్ పెట్టేశామని చెప్పాలంటే రెండు పిడికిళ్ళూ ఎదురెదురుగా పెట్టి బొటనవేళ్ళు లోపలికి చూపిస్తారు. తీసేశామని చెప్పాలంటే బొటనవేళ్ళు బయటికి. ఈ రెండూ కాస్త గుర్తు పెట్టుకోండి, మళ్ళీ పనిపడుతుంది.

నేను కూడా అక్కడే, మొదటి అంతస్తు అద్దాల గదిలో కూర్చుని లోడ్ షీట్ రాస్తాను. ముందు కడుపులో ఎంత బరువు, వెనక కడుపులో ఎంత, మనుషులెందరు, ఇంధనమెంత అని లెక్క వేసి నేను కాగితం పంపితే గానీ విమానం కదలదు. కిందనున్నవాళ్ళతో వాకీటాకీలో, కెప్టెన్లతో రేడియోలో మాట్లాడటం కూడా నా పనే. గొప్ప ఉద్యోగమేమీ కాదు గానీ నోటితో చేసే ఉద్యోగం, నాకు సరిగ్గా సరిపోయింది.

సామాన్లు పేర్చడంలో అన్నయ్యకో చాదస్తం ఉంది. ప్రతి పెట్టెకీ కట్టిన నంబరు ట్యాగు తలుపు వైపుకి తిరిగి ఉండాలి. పెట్టె నిలువుగా ఉండనీ, అడ్డంగా ఉండనీ, ట్యాగు మాత్రం బయటికి. విమానం కడుపులో నిటారుగా నిలబడటానికి వీల్లేదు, మోకాళ్ళ మీద పాకాలి. ఎండాకాలమైతే లోపల పొయ్యి మీద మూకుడులా ఉంటుంది. మిగతావాళ్ళు పెట్టె అందుకుని లోపలికి గిరాటేస్తారు. అన్నయ్య అందుకుని, తిప్పి, ట్యాగు చూసుకుని, అప్పుడు పెడతాడు. ఆయన కింద పనిచేసేవాళ్ళంతా తిట్టుకుంటూనైనా అలాగే చెయ్యాలి. అందుకే ఆయనకి ట్యాగు మాస్టారని పేరొచ్చింది.

టగ్గు బండి నడిపేవాడొకడున్నాడు. ఇద్దరు పిల్లల తండ్రి, అయినా జేబులో ఎప్పుడూ దువ్వెన ఉంటుంది గనక వాడి పేరు పెళ్ళికొడుకు. వాడు ఆటపట్టించేవాడు, మాస్టారూ, పెట్టెలకి గాలి ఆడదనా అలా బయటికి తిప్పుతారు అని. అన్నయ్య నవ్వి ఊరుకునేవాడు. నేను మాత్రం ఊరుకోలేదు. ఎందుకీ చాదస్తం, నడుం పడిపోతే వదిన చేత సేవలు చేయించుకుంటావా అని దులిపేశాను. ఒక్క పెట్టె కోసం ఎప్పుడైనా వెతకాల్సొస్తే తెలుస్తుందే అన్నాడు. అలాంటి రోజు ఏడాదికి రెండు సార్లో మూడు సార్లో వచ్చేది. దాని కోసం రోజూ చెయ్యాలా అని నా గోల.

ఇక ఇల్లు. మూడో అంతస్తులో రెండు గదులు, వీధి వైపు ఒక కిటికీ. పెళ్ళయిన కొత్తలో నేను కాలేజీ చదువుకి వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. ఒక రోజు వదిన వడ్డిస్తుంటే అన్నయ్య చాలు అనకుండా రెండు చేతులూ తలపైకెత్తి అడ్డంగా పెట్టాడు. పొద్దున్నుంచీ అదే పని చేసి వచ్చాడు కదా, చేతులు వాటంతటవే లేచాయి. వదిన బిత్తరపోయింది. తన వంటకో దండం అంటున్నాడనుకుని వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. అది విమానాలకి చెప్పే మాట వదినా, నీకు కాదు అని నచ్చజెప్పి రాయబారం నడిపింది నేనే.

ఆ తర్వాత ఆ ఇంట్లో చేతుల భాష స్థిరపడిపోవడానికి కారణం మాత్రం కింద వాటాలోని నర్సు. ఆవిడ రాత్రి డ్యూటీ చేసి వచ్చి పొద్దున్నే పడుకునేది. అన్నయ్య వీధిలోకి దిగి, వెళ్తున్నానోయ్ అని మూడో అంతస్తుకి కేకేసేవాడు. ఇంకోసారి కేక వినిపిస్తే నెత్తిన బక్కెట్టు నీళ్ళు కుమ్మరిస్తానని ఆవిడ చెప్పేసింది. చేసే మనిషే. మర్నాడు అన్నయ్య వీధిలో నిలబడి, కిటికీలో ఉన్న వదినకేసి చూసి, పిడికిళ్ళు బిగించి బొటనవేళ్ళు బయటికి చూపించాడు. చాక్స్ తీసేశాం, బయల్దేరుతున్నాం అని. సాయంత్రం ఆయన రాగానే వదిన అడిగింది, పొద్దున చేసిందానికి అర్థమేమిటని. చెప్పాడు.

"ఉత్తి వెళ్తున్నా అంటారేమిటండీ? వెళ్ళొస్తా అనాలి కదా," అంది వదిన.

"విమానానికి వెళ్ళొస్తా అనే గుర్తు లేదే."

"మీరు విమానం కాదు కదా."

 మర్నాటి నుంచి బొటనవేళ్ళు ముందు బయటికి, ఆ వెంటనే లోపలికి. వెళ్ళి, వస్తా. పైనుంచి వదిన కూడా అలాగే తిప్పి చూపించేది. వెళ్ళి, రండి. విమానాల వాళ్ళెవరైనా చూస్తే తలా తోకా లేదనుకుంటారు, చాక్స్ తీశారా పెట్టారా అని బుర్ర గోక్కుంటారు. మా ఇంట్లో మాత్రం ముప్పై రెండేళ్ళుగా ఆ గుర్తు లేకుండా ఆయన వీధి దాటలేదు. పోట్లాడుకున్న రోజుల్లో కూడా చేసుకునేవాళ్ళు, కాకపోతే ముఖాలు పక్కకి తిప్పుకుని.

ఇప్పుడు అసలు తంటా దగ్గరికొస్తాను. మా సంస్థలో పనిచేసేవాళ్ళకీ, వాళ్ళ భార్యకో భర్తకో ఒక కార్డు ఇస్తారు. టికెట్టు కొనే స్తోమత మాకెక్కడిది, ఆ కార్డు మీద విమానంలో సీటు మిగిలితే ఎక్కొచ్చు. మిగిలితే. ఆ ఒక్క మాట మా వదినని మూడుసార్లు గేటు దాకా తీసుకెళ్ళి వెనక్కి పంపింది.

మొదటిసారి కొత్త బట్టలు కట్టుకుని, వీధిలో అందరికీ చెప్పి మరీ బయల్దేరింది. సీటు మిగల్లేదు. సాయంత్రం అదే బట్టల్లో మెట్లెక్కుతుంటే నర్సు ఎదురుపడి, అప్పుడే వెళ్ళొచ్చారా అంది. పాపం ఆవిడ మామూలుగానే అడిగింది. రెండోసారి చంకలో నా చంటి మేనల్లుడితో నాలుగు గంటలు కూర్చుని తిరిగొచ్చింది. మూడోసారి జరిగింది మాత్రం ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది. సీటు దొరికింది, కూర్చుంది, బెల్టు కూడా పెట్టుకుంది. తలుపు మూయబోతుండగా టికెట్టు కొన్నాయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. వదినని లేవమన్నారు. ఆ రోజు కింద డ్యూటీలో ఉన్నది అన్నయ్యే. చెయ్యెత్తి ఆ విమానాన్ని పంపాల్సిన మనిషి, భార్య సంచీ పట్టుకుని మెట్లు దిగి రావడం చూశాడు. అప్పటి ఆయన ముఖం నేనూ చూశాను. తప్పు చేసిన పిల్లాడి ముఖం.

ఆ తర్వాత వదిన మళ్ళీ విమానం ఊసెత్తలేదు. బస్సే బాగుంటుంది, కిటికీలోంచి ఊళ్ళు కనిపిస్తాయి అనేది. మీ ఆయన విమానాల మనిషి కదా, మీరేంటి బస్సులో అని ఎవరైనా అడిగితే, ఆయన విమానాలు పంపుతారు గానీ నన్ను పంపరండీ, నేను లేకపోతే తిండి దొరకదని భయం అని నవ్వించేది. వాళ్ళక్కయ్య ఒకత్తె ఉంది, నోటి దురుసులో నాకు సరిజోడు. నువ్వు విమానంలో వచ్చిన రోజున విమానాశ్రయానికి స్వయంగా ఎదురొస్తాను, బస్సులో వస్తే మాత్రం నీ సంచీ నువ్వే మోసుకో అనేది. అలా ఏళ్ళు గడిచిపోయాయి.

అన్నయ్య ఉద్యోగ విరమణ ఈ ఏడు సెలవుల సీజన్ నట్టనడుమ వచ్చిపడింది. చివరి రోజు సాయంత్రం ఆరింటికి మెరిసే జాకెట్టు, చెవుల మూతలు, కార్డు అన్నీ అప్పగించేయాలి. వదిన అక్కయ్య ఊరికి ఆ రోజు ఒకే విమానం, ఒంటిగంటకి. అందులో ఎక్కితే ఎక్కినట్టు. లేకపోతే విమానాలాయన భార్య జన్మలో విమానం ఎక్కనట్టే.

వారం ముందే వదిన దగ్గరికి వెళ్ళాను. కూరగాయలు తరుగుతోంది. ఆఖరిసారి ప్రయత్నిద్దామన్నాను. వద్దంది. ఎందుకు వద్దో చెప్పమన్నాను. సీజన్‌లో సీట్లెక్కడివి, పైగా తిరిగి రావడానికి కార్డుండదు, మళ్ళీ ఆ బస్సే కదా అంది. అవన్నీ సాకులని ఇద్దరికీ తెలుసు. నేను కత్తిపీట పక్కకి లాగేసి కూర్చున్నాను, ఇక చెప్పక తప్పలేదు.

"ఎక్కకపోయినా నాకేం కాదు అమ్మాయీ. నాలుగోసారి కూడా తిరిగొస్తే ఆయన ముఖం నేను చూడలేను. అదీ ఆఖరి రోజున."

"అయితే ఆయనకి చెప్పొద్దు," అన్నాను.

వదిన నావైపు చూసింది. చూసి, చూసి, చిన్నపిల్లలా నవ్వింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన దగ్గర ఏదీ దాచలేదట. మొదటిసారి కదా, సరదాగా ఉంటుందిలే అన్నాను.

ఆ రోజు పొద్దున అన్నయ్య ఎప్పట్లాగే వీధిలో నిలబడి బొటనవేళ్ళు బయటికీ లోపలికీ చూపించాడు. ఉద్యోగానికి వెళ్తూ చేసే ఆఖరి గుర్తని కాబోలు, రెండుసార్లు చేశాడట. వదిన కిటికీలోంచి జవాబిచ్చింది. ఆయన వీధి మలుపు తిరగ్గానే సంచీ సర్దుకుంది. పదకొండింటికి గేటు దగ్గర కూర్చుంది.

విమానాశ్రయంలో కాలు పెట్టే సందు లేదు. సగం ఊరు సెలవులకి బయల్దేరినట్టుంది. ఆటబొమ్మలు, పిల్లల తోపుడు బళ్ళు, తాళ్ళతో కట్టిన పెట్టెలు. ఒంటిగంట విమానంలో నూట ఎనభై సీట్లు, నూట ఎనభై మందీ పేర్లు నమోదు చేయించుకున్నారు. ఒక్కటి కూడా మిగల్లేదు. అద్దాల గదిలో ఆ అంకె చూసి, అనవసరంగా వదినకి ఆశ పెట్టానే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

పన్నెండూ ముప్పై ఎనిమిదికి గేటు ఇన్‌చార్జి నుంచి ఫోనొచ్చింది. ఆవిడకీ నాకూ పదేళ్ళుగా పడదు. ఎందుకు పడదో ఇద్దరికీ గుర్తు లేదు గానీ పట్టుదలగా పడకుండా ఉంటున్నాం. నూట డెబ్భై తొమ్మిది మంది ఎక్కారంది. ఒకాయన రాలేదు. మూడుసార్లు మైకులో పిలిచారు, జాడ లేదు. ఆయన సీటు నాలుగో వరుసలో, ఎడమ వైపు కిటికీ పక్కన. కార్డు మీద వెళ్ళేవాళ్ళ జాబితాలో, ముప్పై రెండేళ్ళ సర్వీసు గనక, మొదటి పేరు మా వదినది.

సంతోషించేలోపే ఆవిడ అసలు మాట చెప్పింది. రాని మనిషి బ్యాగు విమానంలో ఉంది. మనిషి లేకుండా బ్యాగు ఎగరకూడదు, అది కిందికి దిగాలి. ఒంటిగంటకి విమానం కదలాలి.

"పన్నెండూ యాభైకి ఆ బ్యాగు నేల మీద ఉంటే మీ వదినని పంపిస్తాను. దాటితే కొత్త మనిషిని ఎక్కించే టైముండదు, ఆ సీటు ఖాళీగానే పోతుంది. తర్వాత నన్ననొద్దు," అంది.

రెండు వందల పైచిలుకు పెట్టెల్లో ఒక పెట్టె. మామూలుగా అయితే అన్నీ బయటికి లాగి ఒక్కొక్కటీ చూసుకుంటూ పోవాలి, సులువుగా అరగంట. నా చేతిలో పన్నెండు నిమిషాలు కూడా లేవు. వాకీటాకీ తీశాను. కింద ఉన్నది అన్నయ్యే. ఒక బ్యాగు దింపాలి, ట్యాగు చివర నాలుగు అంకెలు రాసుకో అని చెప్పాను.  వదిన కోసం అన్నయ్యా, పరిగెత్తు అని నోటి చివరిదాకా వచ్చింది. మింగేశాను. దొరక్కపోతే ఆయనకి ఈ సంగతి ఎప్పటికీ తెలియకూడదు కదా.

అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. అన్నయ్య నిదానంగా, అలవాటైన ఇంట్లోకి వెళ్తున్నట్టు, వెనక కడుపులోకి పాకి మాయమయ్యాడు. పన్నెండూ నలభై రెండు. నలభై మూడు. బయటికొచ్చి ముందు కడుపులోకి దూరాడు. నలభై అయిదుకి వాకీటాకీ పలికింది.

"ఆ నంబరు ఈ విమానంలో లేదమ్మా."

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. లేకపోవడమేమిటి, కంప్యూటర్ ఉందంటోంది, సరిగ్గా చూశావా, అన్నీ బయటికి లాగించు అని అరిచాను. పక్క బల్ల దగ్గరున్నవాళ్ళు తలలెత్తి చూశారు.

"లాగక్కర్లేదు. నా ట్యాగులన్నీ బయటికే ఉన్నాయి, అన్నీ చదివాను. నేను లేదన్నానంటే లేదు. నువ్వు నీ కాగితం మళ్ళీ చూడు," అన్నాడు. గొంతు కూడా పెంచలేదు.

చూశాను. తొమ్మిది ఆరు అని ఉన్నచోట కంగారులో ఆరు తొమ్మిది అని చదివాను. ఇరవై ఏళ్ళలో ఒక్క అంకె తప్పు చెప్పనిదాన్ని, చెప్పక చెప్పక ఆ రోజే చెప్పాను. పళ్ళు కొరుక్కుంటూ సరైన అంకెలు చెప్పాను. ఆయన నన్నొక్క మాట కూడా అనలేదు. ఆ నంబరు ఇందాక చదివినట్టే ఉంది, వెనక కడుపులో ఎడమ వైపు కింది వరుస అన్నాడు. పన్నెండూ నలభై ఎనిమిదికి నీలం రంగు బ్యాగొకటి తలుపులోంచి బయటికొచ్చింది. పెళ్ళికొడుకు దాన్ని అందుకుని నేల మీద పెట్టాడు.

గేటుకి ఫోన్ చేసి, ఎత్తింది ఎవరో కూడా చూడకుండా, నేల మీద ఉంది, నేల మీద ఉంది అని రెండుసార్లు చెప్పాను. ఇన్‌చార్జి ఆవిడ అప్పటికే అక్కడ లేదట. అద్దంలోంచి చూసిందో ఏమో, బ్యాగు కనబడగానే వదిన సంచీ తనే అందుకుని, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, బెల్టు పెట్టి వచ్చిందని తర్వాత తెలిసింది. ఇక ఆవిడతో పడకుండా ఉండటం నా వల్ల కాదు. లోడ్ షీట్‌లో ఒకరు రాలేదు, ఒకరు ఎక్కారు అని రాసి పంపాను. నా జన్మలో అంత అందంగా ఏదీ రాయలేదు.

ఒంటిగంటకి ఒక నిమిషం ముందు పెళ్ళికొడుకు టగ్గు బండితో విమానాన్ని వెనక్కి నెట్టాడు. బండి తప్పుకుంది. వెనక్కి నెట్టేటప్పుడు ముందు చక్రానికి పెట్టే ఎర్ర రిబ్బన్ మేకుని అన్నయ్య ఊడదీసుకుని పక్కకి నడిచాడు. అది తీసేశానని పైలట్‌కి ఎత్తి చూపించి, చెయ్యి ఊపి పంపించాలి, అంతే. ఆయన ఉద్యోగంలో ఇదే చివరి విమానం కాదు, సాయంత్రం లోపు ఇంకో నాలుగున్నాయి. అందుకే మామూలుగా నిలబడి మేకు ఎత్తాడు. పైలట్ చూశానన్నట్టు చెయ్యి చూపించాడు.

అప్పుడు ఆయన చూపు కాస్త పక్కకి జరిగింది. నాలుగో వరుస కిటికీలో రెండు పిడికిళ్ళు. బొటనవేళ్ళు బయటికి, ఆ వెంటనే లోపలికి. మళ్ళీ బయటికి, లోపలికి.

నేను అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్నాను. అన్నయ్య ఎత్తిన మేకు దించడం మర్చిపోయాడు. తర్వాత దాన్ని గబుక్కున చంకలో పెట్టుకుని, రెండు పిడికిళ్ళూ ఎత్తి, బొటనవేళ్ళు బయటికి, లోపలికి. ముప్పై రెండేళ్ళలో ఒక్క తప్పు గుర్తు చూపించని మనిషి, ఇంజన్లు తిరుగుతున్న విమానం ముందు నిలబడి, చాక్స్ తీశాం, చాక్స్ పెట్టాం, చాక్స్ తీశాం, చాక్స్ పెట్టాం అంటున్నాడు.

విమానం కదల్లేదు. నా రేడియో మోగింది.

"కింద మీ మనిషికి ఏమైంది? చాక్స్ తీశామంటున్నాడు, మళ్ళీ పెట్టామంటున్నాడు. ఉన్నాయా, లేవా?" కెప్టెన్ గొంతు.

"లేవు కెప్టెన్ గారూ, మీరు వెళ్ళొచ్చు. ఆ గుర్తు మీకు కాదు. నాలుగో వరుస కిటికీకి," అన్నాను.

"అక్కడెవరున్నారు?"

"ఆయన భార్య. ఇన్నేళ్ళకి మొదటిసారి విమానం ఎక్కింది. ఆయనకి తెలియదు, ఇప్పుడే చూశాడు. వెళ్ళి రమ్మంటున్నాడు." 

 కెప్టెన్, జాగ్రత్తగా తీసుకెళ్తానని ఆయనకి చెప్పండి అన్నాడు. విమానం ముందు దీపం రెండుసార్లు వెలిగి ఆరింది. అప్పుడు కదిలింది. అన్నయ్య విమానంతో పాటు నాలుగడుగులు నడిచి, గీత దగ్గర ఆగిపోయాడు. గీత దాటకూడదు. ఆ స్థితిలో కూడా దాటలేదు, మా అన్నయ్యంటే అదీ.

విమానం లేచి మబ్బుల్లో కలిసేదాకా ఆయన అక్కడే ఉన్నాడని, పెళ్ళికొడుకు తన దువ్వెన జేబులోంచి జేబురుమాలు తీసిచ్చాడని తర్వాత విన్నాను. విరామంలో మెట్లెక్కి నా గదికొచ్చాడు. తిడతాడనుకుని నేను కూడా నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను. గుమ్మంలో నిలబడి ఒక్కటే అడిగాడు, బెల్టు సరిగ్గా పెట్టుకుందా అని. పెట్టుకుందన్నాను. ఆ పెట్టె ఆమె సీటు కోసమేనా అన్నాడు. అవునన్నాను. తల ఊపి, చూశావా, ట్యాగులు బయటికి పెట్టాలి అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. అలాంటి సందర్భాలు నా జీవితంలో తక్కువ.

రాని ప్రయాణికుడు కాఫీ కొట్టు దగ్గర కుర్చీలో నిద్రపోయాడట. ఒంటిగంటన్నరకి లేచి నానా రభస చేశాడు. తన నీలం బ్యాగు క్షేమంగా కౌంటర్ మీద ఉండటం చూసి చల్లబడి, సాయంత్రం ఇంకో ఊరు మీదుగా వెళ్ళాడు. మా ఇంట్లో ఆయన్ని ఎంతగా తలుచుకుంటామో ఆయనకి తెలియదు పాపం.

వదిన దిగగానే ఫోన్ చేసింది. వాళ్ళక్కయ్య మాట నిలబెట్టుకుందట, ఎదురొచ్చిందట, సంచీ కూడా తనే మోసిందట. పైన ఎలా ఉందని అడిగితే, కిటికీలోంచి ఊళ్ళు బస్సులో కన్నా బాగా కనిపించాయంది.

పది రోజుల తర్వాత వదిన బస్సులోనే తిరిగొచ్చింది. పద్దెనిమిది గంటలు. ఆ పొద్దున నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. ఉద్యోగం లేని అన్నయ్య తెల్లారినప్పటి నుంచీ కిటికీ వదల్లేదు, వదిన ఇన్నేళ్ళూ నిలబడిన చోట నిలబడ్డాడు. వీధి మలుపులో ఆమె కనిపించింది. వాచిన కాళ్ళతో కుంటుకుంటూ వచ్చి, సంచీ కింద పెట్టి, పైకి చూసి, బొటనవేళ్ళు లోపలికి చూపించింది. వచ్చేశాను అని.

అన్నయ్య కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగి, రెండు చేతులూ చాపి విమానానికి చూపించినట్టు దారి చూపించడం మొదలుపెట్టాడు. ముందుకు. ఇంకా ముందుకు. కొంచెం ఎడమకి, అక్కడ గుంట ఉంది. కింద వాటా నర్సు, ఇప్పుడు ముసలావిడ, తలుపు తీసుకుని బయటికొచ్చి పైకి చూసింది. వదిన గుమ్మం మెట్టు దగ్గరికి రాగానే అన్నయ్య రెండు చేతులూ తలపైన అడ్డంగా పెట్టాడు. ఈ వయసులో వీధిలో పరువు తీస్తున్నారని వదిన తిట్టుకుంటూనే, ఆయన చేతులు చూపించిన దారినే నడిచి వచ్చి సరిగ్గా అక్కడే ఆగింది.